అవ్వ చెవా, పెట్టె చెవా

పని మానేసి ఇంట్లో కూర్చున్నాక నాకు తెలిసొచ్చిందేమిటంటే, హోమ్ థియేటర్ బిగించడం అంటే వైర్లు తగిలించి బిల్లు చేతిలో పెట్టడమే అనుకునేవాళ్ళు లోకంలో ఇంకా చాలామంది ఉన్నారు. మా ఆవిడే వాళ్ళకి నాయకురాలు. "ఇన్నేండ్లు ఊరోళ్ళ ఇండ్లల్లో ఏసీ కింద కూర్చుని సినిమా చూస్తివి, దానికి పని అని పేరు" అంటుంది. కాదని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. నిజంగానే చాలా సినిమాలు చూశాను. ఒక్కటి కూడా చివరిదాకా చూడలేదు, అంతే.

నేను కోయంబత్తూరు గాంధీపురంలో ఒక షాపులో పనిచేశాను. మాది అన్నూరు పక్క. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, షాపులో రెండూ కలిపిన ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నాకు పెద్దయ్యాకే వచ్చాయి. అందుకని ఈ రాత పుస్తకాల తెలుగులో ఉంటుంది, మాటలు మాత్రం మా ఇళ్ళలో ఎలా వస్తాయో అలాగే రాస్తాను. ఆంధ్రా వాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి, మాకు అలవాటే.

రిసీవర్ అంటే తెలియనివాళ్ళకి ఒక మాట. టీవీకీ, ప్లేయరుకీ, గదిలోని స్పీకర్లన్నిటికీ నడుమ కూర్చునే నల్ల పెట్టె అది. ఏ మాట ఏ స్పీకరులో రావాలో, బొమ్మ టీవీకి ఎలా వెళ్ళాలో అదే పంచిపెడుతుంది. పెళ్ళి విందులో వడ్డన చూసుకునే పెద్దమనిషి లాంటిది. ఆయన పని బాగా చేస్తే ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఒక వరసకి సాంబారు అందలేదనుకోండి, వెంటనే అందరికీ ఆయన కావాలి.

ఈమధ్య ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు మా ఇంటికి వస్తున్నారు. "అంకుల్, ఇప్పుడు అన్నీ ఆటోమేటిక్. బటన్ నొక్కితే పెట్టే చూసుకుంటుంది" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మిల్లు ఇంటి అవ్వ గుర్తొస్తుంది. ఆ కథ చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను. అయితే దానికి ముందు మా ముదలాళి, అంటే షాపు యజమాని గురించి చెప్పాలి.

చెట్టియార్ కుర్చీ పాఠం

మా షాపు ముదలాళి చెట్టియార్. ఆయనా మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే వ్యాపారం వాళ్ళు. స్పీకరు వైరులో ఎరుపు ఎటో నలుపు ఎటో చచ్చేదాకా ఆయనకి తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. కానీ మనుషుల సంగతి బాగా తెలుసు. నన్ను మొదటిసారి ఒక ఇంటికి రిపేరుకి పంపుతూ ఇలా అన్నాడు.

"సీనా, ఎవురు ఇనబడలే అంటా ఉండారో, పోయి వాళ్ళ కుర్చీలో కూర్చో. నడిమి సోఫాలో కూర్చోబాకు. ఆడ కూర్చుంటే అన్నీ బాగానే ఇనబడతాయి. ఇంటి యజమానికి ఎప్పుడన్నా ఏమన్నా ఇనబడకుండా పోయిందా?"

అప్పుడు నవ్వాను. కుర్రతనం. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదంతా ఒక పక్కన పెడితే, ఆ ఒక్క మాట ఇంకో పక్కన నిలుస్తుంది.

అలాగని ఆయన దేవుడేమీ కాదు. షాపులో టీవీలన్నీ కళ్ళు జిగేలుమనే రంగుల్లో పెట్టించేవాడు. అందులో టొమేటో చూస్తే అసలు టొమేటో సిగ్గుపడాలి. అదే రంగుల్లో ఇంటికి పంపేవాడు. ఒక ఇంట్లో పెళ్ళి వీడియో వేస్తే ఆ ఇల్లాలు ఘొల్లుమంది. "ఇది నా చీర కాదు! నాది అరక్కు రంగు, ముదురు ఎరుపు. ఇదేంది, నారింజ పండు కట్టుకున్నట్టు ఉండా!" లోపలికి పోయి బీరువాలోంచి ఆ పట్టుచీర తెచ్చి టీవీ పక్కన పట్టుకుని నిలబడింది. నేను బొమ్మ సెట్టింగు సినిమా మోడుకి మార్చి, రంగు తగ్గించుకుంటూ వచ్చాను. టీవీలో చీర, చేతిలో చీర ఒకటయ్యాయి. భర్త "డల్లుగా ఉండాదే" అన్నాడు. ఆమె "ఇదే శరి" అంది. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లిందో నేను రాయక్కర్లేదు.

మీకు చెప్పేది ఒకటే. బొమ్మ సరిచేసేటప్పుడు ఆ ఇంట్లో అందరికీ బాగా తెలిసిన వస్తువు ఒకటి పక్కన పెట్టుకోండి. చీర, అరటిపండు, ఏదైనా సరే. మీ కన్ను అబద్ధం చెప్పొచ్చు, పెళ్ళిచీర కట్టుకున్నామె చెప్పదు.

తేని ఏలక్కాయల ఆయన పెదవులు

ఆటోమేటిక్ అనేవాళ్ళకి ఇంకొకటి. తేని ఊళ్ళో ఏలకుల వ్యాపారి ఒకాయన ఇంట్లో పెద్ద సెట్టు బిగించాను. వారం తిరక్కుండానే ఫోను. "మాట ఒకటి, నోరు ఒకటిగా ఉండాది. నోరు తెరిచేదానికి ముందరే మాట వస్తా ఉండాది. వచ్చి చూడు."

ఇది మా పనిలో మామూలు రోగమే. బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తే మాటను కూడా అంత ఆలస్యం చేయడానికి రిసీవర్లో ఒక సెట్టింగు ఉంటుంది. బస్సెక్కి పోయాను. ఆయన సినిమా పెట్టాడు. మాటను కొంచెం వెనక్కి జరిపాను. "ఇప్పుడు ముందు నోరు మూసుకుంటా ఉండాది" అన్నాడు. ముందుకి జరిపాను. "ఇప్పుడు నోరే తెరవలే." మధ్యాహ్నం భోజనం పెట్టారు, తిన్నాను, మళ్ళీ కూర్చున్నాను. ఒక మాటకి కుదిరితే రెండో మాటకి తప్పుతుంది. చెమట పట్టింది. అప్పుడు ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి మెల్లగా అంది, "ఇది తెలుగు సినిమాని తమిళంలో చేసింది కదా. నోరు ఎట్ట కుదురుతుంది?"

ఇద్దరం మొహాలు మొహాలు చూసుకున్నాం. ఆయనా తెలుగాయనే, నేనూ తెలుగువాణ్ణే. ఆంధ్రా తెలుగు వేగం అందక తెలుగు సినిమా తమిళంలో చూస్తున్నాం. తెరమీద తెలుగులో నోరు ఆడుతోంది, మాట తమిళంలో వస్తోంది. వాటిని కుదర్చాలని నేను పగలంతా పెట్టెతో కుస్తీ పట్టాను. ఇలాంటి తప్పు మాలాంటివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. చెట్టియార్‌కి చెబితే మూడు రోజులు షాపులో ఎవరు వచ్చినా అదే కథ.

అవ్వ ఫోను

ఇక మిల్లు ఇంటి సంగతి. నూలు మిల్లు నడిపే కుటుంబం. ఇంటి పెద్దాయన పోయాక అవ్వే పెద్ద. కొడుకు రంగసామి మిల్లు చూసుకుంటాడు. నేను రంగణ్ణ అని పిలిచేవాణ్ణి. మంచి మనిషి, మెషిన్ల మధ్య పెరిగినవాడు, గొంతు కూడా మెషిను గొంతే. కోడలు సరోజ. మనవరాలు కవిత కాలేజీ ముగించి ఇంట్లో ఉంది, సంబంధాలు చూస్తున్నారు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బోరు వేసినా, కారు కొన్నా, సంబంధం మాట వచ్చినా, అందరూ హాల్లో కూర్చున్నాక మొదట అవ్వని అడుగుతారు. "అమ్మా, నువ్వేమంటావు?" ఆమె చాలాసార్లు "మీ ఇష్టం" అనే అంటుంది. కానీ అడగాలి. అడక్కుండా ఏదీ మొదలు కాదు.

వాళ్ళ థియేటర్ గది బిగించింది నేనే. ఆయుధపూజ వెళ్ళిన కొన్ని వారాలకి ఒక ఉదయం ఫోను మోగింది.

"ఏమప్పా సీనా, బాగుండావా? మిల్లు ఇంటి అవ్వని."

"బాగుండా అవ్వా, చెప్పండి."

"చెప్పేదానికి ఏముండాది? నన్ను ఈ ఇంట్లో చెవిటిదాన్ని చేసేసినారు. నువ్వు వచ్చి తేల్చు. రోగం నా చెవికా, నీ పెట్టెకా?"

"అవ్వా, ఇప్పుడు నా మాట ఇనబడతా ఉండాదా?"

"ఇనబడకనే నీకు జవాబు చెప్తా ఉండానా? పిచ్చోడా!"

అక్కడే నాకు వెలగాల్సింది. వెలగలేదు. పెద్దవాళ్ళు కదా, పోయి నాలుగు మంచి మాటలు చెప్పి వద్దామనుకున్నాను.

జరిగింది ఇది. పూజకి ముందు ఇంటికి రంగులు వేశారు. థియేటర్ గదిలో పెట్టె, స్పీకర్లు అన్నీ దించారు. పూజ అయ్యాక రంగణ్ణే వాటిని తిరిగి తగిలించి, ఆటో సెటప్ నొక్కాడు. ఆదివారం అందరూ సినిమాకి కూర్చున్నారు. అవ్వ "మాటలు ఇనబడలే" అంది. సౌండు పెంచారు. అవ్వ చెవులు మూసుకుంది. తగ్గించారు. మళ్ళీ "ఇనబడలే" అంది. మిగతా అందరికీ చక్కగా వినిపిస్తోంది. ఇక ఏముంది, తీర్పు అయిపోయింది. చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన "వయసుకు తగిన తరుగుదలే, పరవాలేదు" అన్నాడు. రంగణ్ణ చెవిలో "తరుగుదల" ఒక్కటే పడింది. చెవి మిషను కొనుక్కొచ్చాడు. అది పెట్టుకుంటే పక్కన ఎవరో పేపరు తిప్పినా పిడుగు పడ్డట్టు ఉంటుందని అవ్వ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. దాంతో మొండిది కూడా అయ్యింది.

మొదట్లో అందరూ ఆమెతో అరిచి మాట్లాడారు. అరవడం కష్టం కదా, తర్వాత మాట్లాడటమే తగ్గించారు. "అవ్వకి అప్పురం చెప్తాం లే" అని అన్నీ తర్వాతకి వాయిదా వేయడం ఇంట్లో మామూలు అయిపోయింది.

ఆమె కుర్చీ

నేను వెళ్ళేసరికి రంగణ్ణ మిల్లుకి పోయాడు. సరోజమ్మ హాల్లో ఫోనులో ఎవరితోనో చేపల పులుసు సంగతి మాట్లాడుతోంది, అవ్వ పక్కనే కూర్చుని ఉంది. "మధురై నుంచి పిల్లోడి తరపువాళ్ళు వచ్చినారు కదా, చేపల కుళంబు బలే ఉండాదని రెండుసార్లు ఏసుకున్నారు. నేనే చేసినానని చెప్పినా. హోటల్ది! ఇంట్లో ఎవురికీ తెలవదు." అవ్వ నావైపు చూసి ఒక కన్ను మూసి తెరిచింది. నేను నవ్వు ఆపుకోలేక నా సంచి పట్టుకుని థియేటర్ గదిలోకి పారిపోయాను.

వెనకాలే అవ్వ వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"చూస్తివా? నేను ఉండాననే తలపు లేదు ఎవురికీ. ముందర అన్నీ నన్ను అడిగేవాళ్ళు. ఇప్పుడు కవితకి సంబంధం ముడిపెట్టేసినారంట, నాకు తెలిసింది ఎట్ట అనుకుంటివి? నా ముందరే కూర్చుని వాళ్ళు మాట్లాడుకుంటే ఇని తెలుసుకున్నా. నేను బీరువా మాదిరి ఉండా సామీ ఆ హాల్లో."

నాకు మంచి మాటలు చెప్పి వచ్చేద్దామన్న ఆలోచన అక్కడే పోయింది. ఈ పెట్టెలో రోగం దొరక్కపోతే ఈమె ఇక ఆ ఇంట్లో ఎప్పటికీ చెవిటి అవ్వే.

సినిమా పెట్టి నడిమి సోఫాలో కూర్చున్నాను. మాట టీవీ మధ్యలోంచి స్పష్టంగా వస్తోంది. "బాగానే ఉండాది కదా అవ్వా" అన్నాను. ఆమె నన్ను అట్లా చూసింది. ఆ చూపుకి చెట్టియార్ గుర్తొచ్చాడు.

అవ్వ సోఫాలో కూర్చోదు. "దాంట్లో కూర్చుంటే ఆస్పత్రిలో పండుకున్నట్టు ఉండాది" అని ఎడమవైపు వెనక మూలలో తన టేకు కుర్చీ వేయించుకుంది. లేచి వెళ్ళి అందులో కూర్చున్నాను. ఓరి దేవుడా! వాన నెత్తిమీద పడుతోంది, డప్పులు చెవిలో మోగుతున్నాయి, హీరో మాటలు మాత్రం పక్కింట్లో మొగుడూ పెళ్ళాల తగువులాగా ఎక్కడో గొణుగుతున్నాయి. సౌండు పెంచితే వాన పెరిగింది, గొణుగుడు గొణుగుడుగానే ఉంది.

"అవ్వా," అన్నాను, "ఇక్కడ నాకూ ఇనబడలే."

ఆమె గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది. "ఆ ఒక్క మాట చాలు" అంది.

బొటనవేలు

సెట్టింగులు తెరిచాను. సినిమాలో మాటలు దాదాపు అన్నీ టీవీ కింద ఉండే మధ్య స్పీకరులోంచి వస్తాయి. రిసీవర్ మాత్రం ఈ గదిలో మధ్య స్పీకరే లేదని రాసుకుని ఉంది! అది కళ్ళెదురుగా టీవీ కింద కూర్చుని ఉంది. స్పీకరు లేదనుకుని పెట్టె ఆ మాటల్ని ఎడమకి సగం కుడికి సగం పంచేసింది. నడిమి సోఫాలో వాళ్ళకి ఆ రెండూ కలిసి మధ్యలోంచి వచ్చినట్టే ఉంటుంది. మూలలో కూర్చున్నవాళ్ళకి అందదు. పైగా అవ్వ నెత్తిమీద ఉన్న స్పీకరు సౌండు చివరిదాకా పెంచి ఉంది. వాన అందుకే అంత పడింది.

మధ్య స్పీకరు వైరు పీకి చూశాను, బాగుంది. స్పీకరు వేరే చోట తగిలిస్తే చక్కగా పాడింది. సరే అని ఆటో సెటప్ మళ్ళీ నొక్కాను. దీనికి ఒక చిన్న మైకు ఉంటుంది, నల్ల బొత్తాం లాంటిది. సోఫా దగ్గర స్టాండు మీద పెడితే, పెట్టె ఒక్కొక్క స్పీకరు నుంచి "చుయ్ చుయ్" మనిపించి ఆ మైకుతో వింటుంది. అంటే పెట్టెకి ఆ మైకే చెవి. మళ్ళీ అదే జవాబు. మధ్య స్పీకరు లేదు.

"అవ్వా, పెట్టెలోనే ఏదో కాలిపోయినట్టు ఉండాది. షాపుకి తీసుకుపోవాల" అన్నాను.

"తీసుకుపో. పోయే ముందర రోగం పెట్టెకే అని రంగా కాడ చెప్పి పో."

మైకు స్టాండు మీంచి తీసి వైరు చుడుతుంటే నా బొటనవేలికి ఏదో గరుకుగా తగిలింది. చందనం వాసన. థియేటర్ గది కదా, గోడలు నల్లవి, దీపాలు మసక. మైకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయి కర్టెను జరిపి చూశాను. మధ్యలో సూది బెజ్జమంత కంత ఉండాలి. దానిమీద ఎండిన చందనం, చందనం మీద కుంకుమ. ముద్దుగా, గుండ్రంగా, ఎంతో భక్తిగా పెట్టిన బొట్టు.

మా ఊళ్ళో ఆయుధపూజ అంటే తెలుసు కదా. పనిచేసే వస్తువేదైనా ఆ రోజు కడిగి బొట్టు పెట్టాల్సిందే. మిల్లు మెషిన్లు, కారు, కుట్టుమిషను, మిక్సీ, కత్తిపీట, ఆఖరికి టీవీ రిమోటు. మరి రంగుల కోసం దించిన సామానంతా ఆ రోజు పూజ గదిలోనే ఉంది.

"అవ్వా, దీనికి బొట్టు ఎవురు పెట్టినారు?"

"నేనే. అన్నిటికీ పెట్టినా. అది చిన్నదని వదిలేసేదా? ఎక్కడ పెట్టేదని చూసినా, నడిమిన సరిగ్గా చిన్న గుంట ఉండింది. బొట్టు పెట్టేదానికే చేసినట్టు ఉండింది."

"అది దాని చెవి అవ్వా."

ఆమె నన్ను చూసింది, మైకుని చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. "అయ్యో కడవుళే, దేవుడా! నేను దాని చెవి మూసినా, అది నా చెవి మూసింది!"

మూసుకుపోయిన ఆ చెవికి మధ్య స్పీకరు అసలు అందలేదు, అవ్వ నెత్తిమీదిది సన్నగా అందితే చాలడం లేదని పెట్టె దాన్ని చివరిదాకా పెంచేసింది. ఇక్కడ ఒక మాట కొత్తవాళ్ళకి. ఇలాంటి మైకుని పిన్నీసుతో పొడవకండి, లోపలి పొర చిరుగుతుంది. నా సంచిలో అదే కంపెనీ మైకు ఇంకొకటి ఉంది. దాంతో సెటప్ చేశాను. పెట్టెకి మధ్య స్పీకరు కనబడింది. అవ్వ కుర్చీ దగ్గర కూర్చుని వాన తగ్గించి, మాట ఒక మెట్టు పెంచాను. ఆటోమేటిక్ ఏది చేసినా, చివరి మెట్టు మనిషి చెవితో కూర్చుని దిద్దాలి.

"అవ్వా, రంగణ్ణకి వైరు లూజు అని చెప్తాలే" అన్నాను. ఆమె పరువు కాపాడదామని.

"యాల? నేను చెవిటిదాన్ని కాదనేదానికి అబద్ధం ఏంటికి? ఉండేది ఉండేట్టు నేనే చెప్తా. ఇప్పుడు కాదు. ఆదివారం అందరూ ఉండేప్పుడు నువ్వు కూడా రా."

ఆదివారం సినిమా

వెళ్ళకుండా ఉంటానా? మా ఆవిడని కూడా తీసుకుపోయాను, ఏసీ కింద కూర్చునే పని ఎలా ఉంటుందో చూస్తుందని.

అవ్వ తన టేకు కుర్చీలో కూర్చుంది. రంగణ్ణ సోఫాలోంచే వెనక్కి తిరిగి అరిచాడు, "అమ్మా! మిషను పెట్టుకుంటివా!" ఆమె చేయి ఊపింది. సినిమా మొదలైంది. కాసేపటికి తెరమీద ఇద్దరు దొంగలు గుసగుసగా మాట్లాడుకునే ఘట్టం వచ్చింది. ఎవరూ నవ్వకముందే మూలలోంచి అవ్వ కిసుక్కున నవ్వింది.

రంగణ్ణ తిరిగి చూశాడు. "ఏమి నవ్వినావమ్మా!"

"వాడు దోచేదానికి పోయి, మా ఇంటి తలుపు మూసినానా లేదా అని అడుగుతాడే పక్క దొంగని. అందుకు నవ్వినా." అని, మామూలు గొంతుతో, "సినిమా ఆపు రంగా" అంది.

ఆపాడు.

"నా చెవికి ఏమీ లేదు. ఈ పెట్టె చెవిలో నేను పూజనాడు బొట్టు పెట్టినా, అది మూసుకుపోయింది. తప్పు నాదే, ఒప్పుకుంటా. సీనా శరి చేసినాడు. ఈ నెల్లో మీరు మాట్లాడుకుంది అంతా నేను ఇంటానే ఉండా."

గదిలో చలి పెరిగినట్టయింది. సరోజమ్మ మొహం పాలిపోయింది. అవ్వ ఆమె వైపు తిరిగింది. "సరోజా, భయపడబాకు. కుళంబు సంగతి నేను చెప్పనులే."

"ఏ కుళంబు?" అన్నాడు రంగణ్ణ.

"చెప్పనంటినే!" అంది అవ్వ. మా ఆవిడ నా మోచేతిని గిల్లింది.

తర్వాత అవ్వ నవ్వు ఆపింది. "రంగా, మధురై సంబంధం ముడిపెట్టేసినావు. నాకు చెవుడు అని నన్ను అడగలే, అది పోనీ. కవితకి చెవి బాగుండాది కదా? దాన్నయినా అడిగుండచ్చు. నా పక్కన కూర్చుని స్నేహితురాలి కాడ ఫోనులో ఏడ్చింది అది. అవ్వకి ఇనబడదు కదా అని."

కవిత తల వంచుకుంది. రంగణ్ణ రిమోటు పక్కన పెట్టాడు. తర్వాత లేచి వెళ్ళి, ఆమె టేకు కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. అన్నేళ్ళలో ఆయన గొంతు అంత చిన్నగా నేను వినలేదు.

"అమ్మా, ఈ సంబంధానికి నువ్వేమంటావు?"

"ఇంకోసారి అడుగు" అంది అవ్వ.

వినబడలేదేమో అనుకున్నాడు పాపం. గొంతు పెంచాడు, "అమ్మా! ఈ సంబంధానికి..."

"అరవబాకు కన్నా. ఇనబడింది." ఆమె అతని తలమీద చేయి పెట్టింది. "నువ్వు అడిగితే ఇనేదానికి బాగుండాది. అందుకు ఇంకోసారి అడగమంటి."

అతను మళ్ళీ అడిగాడు, మెల్లగా.

"నన్ను అడిగితివి కదా, చాలు. ఇప్పుడు పోయి దాన్ని అడుగు" అంది, కవితని చూపించి.

మధురై సంబంధం నిలవలేదు. కవిత ఇప్పుడు మిల్లు ఆఫీసులో కూర్చుంటోంది. వచ్చే సంబంధాల సంగతి మొదట ఆమెనే అడుగుతున్నారని విన్నాను. అవ్వని ఆ తర్వాతే అడుగుతారు. ఆ వరస మార్చింది అవ్వే.

నా ఆయుధం

నేను పని మానేసింది నా చెవి వల్లే. సన్నటి పై శబ్దాలు వినబడటం తగ్గింది. తాళాలు మోగితే మా ఆవిడకి వినిపిస్తుంది, నాకు లేదు. అలాంటి చెవితో ఇంకొకరి ఇంట్లో స్పీకర్లు దిద్దడం మోసం. చెట్టియార్ కొడుక్కి ఆ మాట చెప్పి సంచి అప్పగించి వచ్చేశాను.

ఆ ఏడు ఆయుధపూజకి మిల్లు ఇంటి నుంచి పిలుపు వచ్చింది. పూజ గదిలో రిసీవరు, స్పీకర్లు, మైకు వరసగా పెట్టారు. అవ్వ చందనం గిన్నె పట్టుకుని మైకుని తిరగేసి చూపించింది. "చూడప్పా, వెనకపక్క పెట్టినా. చెవి మూయలే." తర్వాత నా వైపు తిరిగింది. "నీ సామాను ఎక్కడ? తేలేదా?"

"సంచి ఇచ్చేసినా అవ్వా. నేను పని మానేసినా. నాకు చెవి తగ్గింది."

ఆమె నన్ను దగ్గరికి రమ్మంది. నా తల పక్కకి వంచి, చెవి తమ్మెకి చందనం బొట్టు పెట్టి, దానిమీద కుంకుమ అద్దింది. రెండో చెవికి కూడా పెట్టింది.

"ఇది గదా నీ ఆయుధం" అంది. "బెజ్జం మూయలేదులే, భయపడబాకు."

ఆమె గొంతు తగ్గించే అంది. నాకు ప్రతి అక్షరం వినబడింది.